గుర్రం ఎక్కే ముందు: హైదరాబాద్‌లో స్వారీ నేర్చుకునేవారికి జాగ్రత్తలు, దుస్తులు, మర్యాదలు

చలికాలం ఆదివారం పొద్దున ఆరున్నరకి మొయినాబాద్ వైపు ఏ రైడింగ్ స్కూల్‌కి వెళ్లినా కొత్తవాళ్లు నలుగురైదుగురు కనిపిస్తారు. ఒకరి కాళ్లకు స్పోర్ట్స్ షూస్, ఇంకొకరికి చెప్పులు, ఒకరి మెడలో చున్నీ, పిల్లల చేతుల్లో క్యారెట్లు. అందరూ ఉత్సాహంగా ఉంటారు, ఫోన్లు బయటికి వస్తాయి. ఆ హడావిడి గుర్రానికి ఎలా అనిపిస్తోందో గమనించేవాళ్లు మాత్రం తక్కువ. నేను తొమ్మిదేళ్లుగా స్వారీ చేస్తున్నాను. తెలుసుకున్నవాటిలో సగం దెబ్బ తగిలాకే తెలిశాయి. మీకు ఆ అవసరం రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

గుర్రం బెదురు జంతువు. 400, 500 కిలోల బరువుండి, మనిషిని ఒక్క తన్నుతో పడగొట్టగల బలమున్నా, లోపల అది వేటాడబడే ప్రాణే. అడవిలో దాన్ని బతికించింది పరుగు. చప్పుడు వినిపిస్తే అదేమిటో చూసుకునే ఓపిక దానికి ఉండదు, ముందు పరుగెడుతుంది. అందుకే స్వారీలో ఉన్న నియమాలన్నీ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. గుర్రాన్ని బెదరకుండా ఎలా ఉంచాలి? ఒకవేళ బెదిరితే దాన్నుంచి మనం దెబ్బ తగలకుండా ఎలా విడిపోవాలి? వేసుకునే బూటు నుంచి కంచె కట్టిన స్వారీ మైదానంలో, అంటే అరీనాలో, పాటించే మర్యాద దాకా ఏ నియమం గురించి సందేహం వచ్చినా ఈ రెండింటిలో ఒకటి అడిగి చూడండి, జవాబు దొరుకుతుంది.

మొదట స్కూల్‌ని చూడండి

నగరానికి పడమర వైపు గండిపేట, అజీజ్‌నగర్, మొయినాబాద్, దక్షిణాన శంషాబాద్ చుట్టుపక్కల స్వారీ నేర్పే చోట్లు ఉన్నాయి. ఫీజు ఎంతని అడిగే ముందు ఒకసారి ఊరికే వెళ్లి గంటసేపు కూర్చోండి. గుర్రాల ముందు నీళ్ల తొట్టిలో నీళ్లున్నాయా, అవి శుభ్రంగా ఉన్నాయా? జీను పట్టీ తగిలేచోట పొట్ట కింద పుండ్లు, వెంట్రుకలు రాలిన మచ్చలు ఉన్నాయా? ఏ గుర్రమైనా కుంటుతుంటే దాన్ని క్లాసుకి తీస్తున్నారా, పక్కన పెడుతున్నారా? వచ్చిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ పెట్టిస్తున్నారా? గుర్రాన్ని సరిగ్గా చూసుకోని చోట మిమ్మల్ని మాత్రం సరిగ్గా చూసుకుంటారని అనుకోవద్దు. నొప్పితో ఉన్న గుర్రమే ఎక్కువగా తన్నేది, కరిచేది.

మొదటి కొన్ని క్లాసుల్లో ట్రైనర్ పొడవాటి తాడు పట్టుకుని మధ్యలో నిలబడి, గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతూ మీకు కూర్చోవడం నేర్పాలి. వచ్చిన రోజే పగ్గాలు చేతికిచ్చి పరుగు పెట్టించే చోటికి రెండోసారి వెళ్లకండి.

మన ఊళ్లో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. స్కూళ్లలో చాలా గుర్రాలు రేసుల నుంచి రిటైరైన, పందెం కోసం పెంచే జాతికి చెందిన థరోబ్రెడ్‌లు. మలక్‌పేట లాంటి రేస్ కోర్సుల్లో పరుగెత్తిన గుర్రానికి పగ్గాలు బిగిస్తే ఆగాలని కాదు, ఇంకా బలంగా పరుగెత్తాలని అలవాటై ఉండవచ్చు. జాకీ ముందుకు వంగి పగ్గాలు బిగించి పట్టుకుంటే అది దానికి వేగం పెంచమన్న మాట. కొత్తవాడు భయపడితే చేసేది కూడా అచ్చం అదే, ముందుకు వంగి పగ్గాలు గుంజుతాడు. కాబట్టి 'ఇది రేసు గుర్రమా, మళ్లీ శిక్షణ ఇచ్చి ఎంతకాలమైంది' అని మొహమాటం లేకుండా అడగండి. బాగా శిక్షణ పొందిన థరోబ్రెడ్ చాలా మంచి గుర్రమే, కానీ మొదటి నెలకి వయసు మళ్లిన నెమ్మదైన గుర్రాన్ని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

మీ వైపు నుంచి చేయాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. ధనుర్వాతం టీకా పదేళ్లలోపు వేయించుకున్నారో లేదో చూసుకోండి. గుర్రపు పేడ, లాయం మట్టి ఉన్నచోట ఆ క్రిములు ఉండటం మామూలే. నడుం నొప్పి, మోకాలి ఆపరేషన్, మూర్ఛ, గర్భం లాంటివేమైనా ఉంటే డాక్టర్‌ని అడిగాకే వెళ్లండి, ట్రైనర్‌కీ ముందే చెప్పండి. బరువు దాచకండి. మనిషి బరువూ జీను బరువూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. నిజం చెబితే మీకు తగిన గుర్రాన్ని ఇస్తారు, దాని వీపుకీ మేలు.

దుస్తులు: తల నుంచి పాదం దాకా

హెల్మెట్ దగ్గర రాజీ పడకండి. నడకలో కూడా, ఫోటో కోసం ఒక్క నిమిషం ఎక్కినా కూడా. చాలామంది ఇంట్లో ఉన్న బైక్ హెల్మెట్ తెస్తారు. ఐఎస్ 4151 గుర్తున్న ఆ హెల్మెట్ రోడ్డు మీద మంచిదే. గుర్రం మీద మాత్రం దాని బరువు మెడ మీద పడుతుంది, చెవులు మూసుకుపోయి ట్రైనర్ మాట వినపడదు, పక్కల నుంచి వచ్చేది కనపడదు. సైకిల్ హెల్మెట్ గుర్రం ఎత్తు నుంచి పడే దెబ్బకి, డెక్క తగిలే దెబ్బకి తయారైనది కాదు, క్రికెట్ హెల్మెట్‌దీ అంతే. స్వారీ హెల్మెట్ లోపలి లేబుల్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్ 1163, పీఏఎస్ 015, వీజీ1 లాంటి ప్రమాణం రాసి ఉంటుంది, అది చూసి కొనండి. డెకథ్లాన్ లాంటి దుకాణాల్లో స్వారీ సామాన్లు దొరుకుతాయి.

సైజు చూసుకోవడం ఇలా. కనుబొమలకు రెండు వేళ్ల పైన హెల్మెట్ అంచు ఉండాలి. పట్టీ పెట్టకుండానే తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కదలాలి, హెల్మెట్ విడిగా జారకూడదు. గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి. జుట్టు ముడి వేసి దాని పైన హెల్మెట్ పెడితే నిలవదు. జడని మెడ దగ్గర కిందికి అల్లుకోండి. స్కూల్ హెల్మెట్ పది మంది చెమట పీల్చి ఉంటుంది, లోపల పల్చటి కాటన్ రుమాలు కట్టుకుంటే సరిపోతుంది. ఒక్కసారి గట్టిగా నేలకి తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది. దాన్ని మార్చేయాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో కొనవద్దని చెప్పేదీ అందుకే, అది ఎన్నిసార్లు పడిందో అమ్మేవాడికే తెలుసు. పడకపోయినా ఐదేళ్లకి మార్చడం మంచిది, మన ఎండలకి కారు డిక్కీలో వదిలేసేవాళ్లయితే ఇంకా ముందే.

ఇక పాదాలు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నాకు జరిగింది. నేర్చుకోవడం మొదలుపెట్టిన మూడో వారం. మడమ లేని, మెత్తటి మందపాటి సోల్ ఉన్న రన్నింగ్ షూస్ వేసుకుని వెళ్లాను. అక్కడెవరూ అభ్యంతరం చెప్పలేదు. కంచె పక్కన ముళ్లకంపకి తగులుకున్న నల్ల ప్లాస్టిక్ కవర్ ఒకటి గాలికి టపటపమంది. గుర్రం ఒక్కసారిగా పక్కకి గెంతింది. నేను ఎడమవైపుకి జారాను, ఎడమ పాదం మాత్రం రికాబులోంచి, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టుకునే ఇనుప కడియంలోంచి, అవతలికి దూరిపోయి చీలమండ దగ్గర ఇరుక్కుంది. నేల మీద నా భుజం, పైన నా కాలు, మధ్యలో గుర్రం పొట్ట. నాలుగైదు అడుగులు ఈడ్చుకుపోయాక షూ ఊడి కాలు బయటికి వచ్చింది. షూ లేసులు నేను ఆ రోజు వదులుగా కట్టుకోవడమే నన్ను కాపాడింది. రికాబు ఇనుములో ఆ షూ అలాగే వేలాడుతూ అరీనా అంతా తిరగడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

అందుకే బూటుకి ఒక అంగుళం మడమ ఉండాలి. పాదం రికాబులోంచి అవతలికి జారిపోకుండా ఆపేది ఆ మడమే. సోల్ నున్నగా, పల్చగా ఉండాలి. ట్రెక్కింగ్ షూస్‌కి ఉండే లోతైన గాళ్లు రికాబుని పట్టేసుకుంటాయి, వద్దు. చీలమండని కప్పే తోలు బూటు మేలు, గుర్రం పాదం మీద కాలేసినా కొంత కాపాడుతుంది. రికాబు వెడల్పు కూడా చూడండి. బూటుకి రెండు వైపులా అర అంగుళం చొప్పున ఖాళీ ఉండాలి. ఇరుకైతే పాదం ఇరుక్కుంటుంది, మరీ వెడల్పైతే అవతలికి దూరిపోతుంది. పెద్దవాళ్ల జీను మీద పిల్లల్ని కూర్చోబెట్టినప్పుడు జరిగే ప్రమాదం ఇదే.

ప్యాంటు గురించి ఎక్కువ టెన్షన్ అక్కర్లేదు. మోకాలి లోపలి వైపు కుట్లు లేనిది, సాగేది, కాలికి అంటుకుని ఉండేది ఏదైనా సరే. జోధ్‌పూర్ పేరు మీదుగా లోకమంతా తిరిగిన జోధ్‌పూర్స్ కొనుక్కోగలిగితే హాయి. జీన్స్‌తో రెండు క్లాసులు చేస్తే తొడల లోపల చర్మం కమిలిపోయి మీకే అర్థమవుతుంది. షార్ట్స్, లుంగీ, పలాజో, అంచులు ఎగిరే కుర్తా వద్దు. పొడవాటి బూట్లు లేకపోతే పిక్కలకి హాఫ్ చాప్స్ అనే తొడుగులు కట్టుకుంటే రికాబు తోలు పిక్కని గిల్లదు.

ఆడవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి ఉన్నాయి. చున్నీ కారులోనే వదిలేయండి. అది ఎగిరితే గుర్రం బెదురుతుంది, జీనుకి చిక్కుకుంటే మీ మెడకే ఉరి. గాజులు, వేలాడే జుంకాలు, ఉంగరాలు తీసేయండి. మంగళసూత్రం, గొలుసు తీయడం ఇష్టం లేకపోతే బట్టల లోపలికి వేసుకుని పైన ఒంటికి అతుక్కునే టీషర్టు వేసుకోండి. స్పోర్ట్స్ బ్రా లేకుండా ట్రాట్ (ఎగిరెగిరి సాగే మధ్యస్థ పరుగు) చేస్తే తర్వాత రెండు రోజులు నొప్పిగా ఉంటుంది, ఈ మాట మగ ట్రైనర్లు చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. చేతులకి పల్చటి గ్లవ్స్ ఉంటే చెమటకి పగ్గాలు జారవు, తాడు గుంజుకుపోతే అరచేయి కోసుకోదు. దూకడం నేర్చుకునే దశకి వచ్చినా, పిల్లలైనా, ఛాతీకీ వీపుకీ బాడీ ప్రొటెక్టర్ వేసుకోవడం మంచిది. పెర్ఫ్యూమ్ ఘాటుగా కొట్టుకుని రావద్దు. ఫోన్ వెనక జేబులో పెట్టుకోవద్దు, పడితే దాని మీదే పడతారు.

గుర్రం దగ్గరికి వెళ్లడం

గుర్రం కళ్లు తలకి రెండు పక్కల ఉంటాయి. దాదాపు చుట్టూరా చూడగలదు, రెండు చోట్ల తప్ప. సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక. ఆ రెండు చోట్ల నుంచి వచ్చే మనిషి దాని లెక్కలో ఉన్నట్టుండి ఊడిపడ్డ మనిషి. అందుకే దాని ఎడమ భుజం వైపు, కాస్త ఏటవాలుగా నడిచి వెళ్లండి. దూరం నుంచే పేరు పెట్టి పిలవండి, నెమ్మదిగా ఏదో ఒకటి మాట్లాడండి. నిలబడే కునుకు తీసే జంతువది, కదలకుండా ఉందంటే మిమ్మల్ని చూసిందని అర్థం కాదు. చెవి మీ వైపు తిరిగిందంటే విన్నట్టు. మొదటి చేయి మెడ మీదో భుజం మీదో పడాలి, ముక్కు మీద కాదు. తట్టడం కన్నా నిమరడం దానికి నచ్చుతుంది.

చెవులు చూస్తూ ఉండటం అలవాటు చేసుకోండి. ముందుకి నిక్కి ఉంటే ఏదో ఆసక్తిగా చూస్తోంది. అటొకటి ఇటొకటి తిరుగుతుంటే చుట్టూ వింటోంది. రెండూ వెనక్కి మెడకి అంటుకుపోతే కోపం, వెనక్కి తగ్గండి. కళ్లలో తెల్లగుడ్డు కనిపించడం, తోక విదిలించడం, వెనక కాలు ఎత్తి పెట్టడం తన్నబోయే ముందు గుర్తులు. ఒక కాలు వంచి కింది పెదవి వేలాడేసి ఉంటే మాత్రం విశ్రాంతి తీసుకుంటోంది. మార్వాడీ గుర్రాలకి చెవుల కొనలు లోపలికి వంగి ఉంటాయి, చూసి కంగారు పడకండి, అది పుట్టుకతో వచ్చిన అందం.

వెనక నుంచి దాటాల్సి వస్తే రెండే దారులు. మూడు మీటర్ల దూరం నుంచి చుట్టి వెళ్లండి. లేదా దాని ఒంటి మీద చేయి పెట్టి, మాట్లాడుతూ, ఒంటికి ఆనుకుని వెళ్లండి. ఆనుకుని ఉంటే తన్నుకి ఊపు ఉండదు. మధ్యస్థంగా ఒకటిన్నర మీటరు దూరంలో నడవడమే అన్నిటికన్నా ప్రమాదం, పూర్తి బలంతో డెక్క తగిలే చోటు అదే. తాడు కింద నుంచి, పొట్ట కింద నుంచి దూరకండి. కాళ్ల దగ్గర పని ఉంటే నేల మీద కూర్చోవద్దు, మోకరించవద్దు. నడుం వంచి నిలబడే చేయండి, లేదా గొంతు కూర్చోండి, వెంటనే లేవగలగాలి.

నడిపించేటప్పుడు తాడుని చేతికి చుట్టుకోకూడదు. ఈ ఒక్క మాట పిల్లలకి పదిసార్లు చెప్పండి. మడతలుగా పట్టుకోవాలి, గుర్రం గుంజుకుపోతే వదిలేయగలగాలి. కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి, పగ్గాలతో ఎప్పుడూ కట్టకూడదు. బెదిరి వెనక్కి లాగితే నోట్లోని ఇనుప కళ్లెం నాలుకనీ చిగుళ్లనీ చీల్చేస్తుంది.

జీను పట్టీ మూడుసార్లు

మా లాయంలో గుర్రాల బాగోగులు చూసే ఒక పెద్ద సైస్ ఉన్నాడు. అందరం చాచా అంటాం. మొదట్లో ఒకరోజు నేనే జీను కట్టి, పట్టీ బిగించి, చాలా బాగా బిగించానని అనుకుంటూ రికాబులో కాలు పెట్టబోయాను. చాచా చేయి అడ్డం పెట్టాడు. ‘ఆగు బేటా. అది ఊపిరి బిగబట్టింది. ఒక రౌండ్ నడిపించు, మల్ల చూడు’ అన్నాడు. నడిపించి వచ్చాక పట్టీ కింద నా నాలుగు వేళ్లూ సులువుగా దూరాయి. ఇంకో రెండు రంధ్రాలు పైకి వచ్చింది. అలాగే ఎక్కి ఉంటే జీనుతో సహా గుర్రం పొట్ట కిందికి తిరిగిపోయేదాన్ని.

పట్టీ బిగిస్తుంటే కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. అందుకే మొదట వదులుగా పెట్టి, కొంచెం నడిపించి బిగించండి. ఎక్కే ముందు ఇంకోసారి, ఎక్కి ఐదు నిమిషాలు నడిచాక మూడోసారి చూడండి. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు కష్టంగా దూరితే సరి. ఒక్కసారే గట్టిగా గుంజితే దానికి నొప్పి, రేపటి నుంచి జీను చూస్తేనే కరవడానికి వస్తుంది. జీను కింది గుడ్డలో ముడత, గడ్డిపరక, ఎండిన మట్టి ఉండకూడదు. కుట్లు, రికాబు తోళ్లు, పగ్గాల కొక్కేలు ఒకసారి చేత్తో లాగి చూడండి. జీను సామానుకి కాన్పూర్ పెట్టింది పేరు, మంచి తోలు పదేళ్లు వస్తుంది. కానీ నూనె పట్టించకపోతే ఎండకి బీటలిచ్చి, సరిగ్గా అవసరమైన నిమిషంలో తెగుతుంది.

రికాబు పొడవు కోసం కింద నిలబడే కొలవండి. వేలి కొసలు రికాబు తోలు జీనుకి తగిలించిన చోట ఆనించి చేయి చాచితే, రికాబు అడుగు చంకలోకి రావాలి. ఎక్కాక ఒకటి రెండు రంధ్రాలు సర్దుకోవచ్చు.

ఎక్కడం, కూర్చోవడం, దిగడం

ఎక్కేది ఎడమవైపు నుంచి. నడుముకి ఎడమ పక్కన కత్తి వేలాడిన కాలం నాటి అలవాటు ఇది, గుర్రాలకీ అలాగే అలవాటైంది. దిమ్మె మీద నిలబడి ఎక్కండి. నేల మీద నుంచి ఎక్కితే బరువంతా ఒక పక్కకి పడి జీను గుంజుకుపోతుంది, దాని వెన్నుకీ నొప్పి. ఎడమ చేతిలో పగ్గాలు, కొంచెం జూలు. ఎడమ కాలు రికాబులో. కుడి కాలు దాని వీపుకి తగలకుండా తిప్పి, జీను మీద మెల్లగా కూర్చోండి. దబ్బున కూలబడితే బెదురుతుంది.

చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలి. పాదం వెడల్పు భాగం రికాబు మీద, మడమ కిందికి. చూపు వెళ్లాల్సిన చోటికి. పగ్గాలు పట్టుకునేవి, వేలాడేవి కావు. మీ బ్యాలెన్స్ కోసం వాటిని గుంజితే ఆ నొప్పి దాని నోటికి. అదుపు తప్పుతుందనిపిస్తే జూలు పట్టుకోండి, అందులో తప్పు లేదు. అరవకండి, మోకాళ్లతో బిగించకండి, ముందుకి వంగకండి. ఊపిరి వదిలి, వెనక్కి బరువేసి, ఒక పగ్గాన్ని నెమ్మదిగా పక్కకి తీసుకుంటూ గుర్రాన్ని చిన్న వలయంలోకి తిప్పండి. వలయం చిన్నదయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది. ఒక్కసారిగా మెడ మెలిపెడితే మాత్రం గుర్రమే పడిపోతుంది, జాగ్రత్త. ఇది నిలకడగా ఉన్న గుర్రం మీద, నడకలో, ట్రైనర్ ఎదుట ముందే సాధన చేసి ఉండాలి.

దిగేటప్పుడు ముందు రెండు పాదాలూ రికాబుల్లోంచి తీయండి, ఆ తర్వాతే జారండి. ఒక పాదం లోపల ఉండగా గుర్రం కదిలిందంటే నా మూడో వారమే మీకూ ఎదురవుతుంది.

పడటం తప్పదనిపిస్తే పాదాలు విడిపించుకుని, పగ్గాలు వదిలి, గడ్డం ఛాతీకి ఆనించి, గుర్రానికి దూరంగా దొర్లండి. చేయి చాచి ఆపుకోబోతే మణికట్టు విరుగుతుంది. పడ్డవాళ్లని వెంటనే లేపకండి. మెడ నొప్పి, తిమ్మిరి ఉంటే కదిలించకుండా, నీళ్లు తాగించకుండా 108కి ఫోన్ చేయండి. తలకి దెబ్బ తగిలి వాంతి, మగత, తలనొప్పి, చెప్పిందే చెప్పడం ఉంటే బాగానే ఉన్నాననే మాట నమ్మొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. గుర్రాన్ని పట్టుకోవడం తర్వాత. మిగతావాళ్లందరూ అక్కడికక్కడే ఆగిపోవాలి.

అరీనాలో మర్యాద

లోపలికి వచ్చే ముందు గేటు దగ్గర ఆగి గట్టిగా చెప్పి, సరే అన్నాకే రండి. ఎదురెదురుగా వస్తే ఎడమ చేయి ఎడమ చేయి పక్కగా దాటడం మామూలు పద్ధతి. నడిచేవాళ్లు లోపలి దారిలోకి తప్పుకుని, ట్రాట్, దానికన్నా వేగమైన క్యాంటర్ చేసేవాళ్లకి కంచె పక్క దారి వదలాలి. ముందు గుర్రానికీ మీ గుర్రానికీ మధ్య కనీసం ఒక గుర్రం పొడవు, అంటే దాదాపు రెండున్నర మీటర్ల ఖాళీ ఉండాలి. మీ గుర్రం రెండు చెవుల మధ్య నుంచి చూస్తే ముందు గుర్రం వెనక డెక్కలు కనిపించాలి, అది సులువైన కొలత. తోకకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అది తన్నే గుర్రం, ఇంకా దూరం ఉంచండి. పట్టీ బిగించుకోవాలన్నా, ఫోన్ వచ్చినా మధ్యలోకి వచ్చి ఆగండి. కొత్తగా నేర్చుకునేవాళ్ల పక్క నుంచి దూసుకుపోకండి, మీ గుర్రం వేగం చూసి వాళ్ల గుర్రం కూడా అందుకుంటుంది. కంచె బయట నిలబడ్డ ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి తీసుకురండి. గొడుగు తెరవడం, చప్పట్లు, ఫ్లాష్, పిల్లల పరుగు ఏవీ వద్దు.

బయటికి వెళ్లినప్పుడు

అరీనాలో నడక, ట్రాట్, క్యాంటర్ మూడు వేగాలూ అదుపులోకి వచ్చాకే బయటికి. ఎప్పుడూ ఒంటరిగా వద్దు. గుంపులో అందరికన్నా కొత్తవాళ్ల వేగమే అందరి వేగం. ఆఖరివాళ్లు ఎక్కి సర్దుకునేదాకా మొదటివాళ్లు కదలకూడదు. ఇంటి ముఖం పట్టాక పరుగు పెట్టించకండి, లాయం వాసన తగిలిన గుర్రం ఆగదు. చివరి కిలోమీటరు నడకే.

హైదరాబాద్ శివార్లలో బెదిరించేవాటికి కొదవ లేదు. కుక్కల గుంపు వెంటపడితే పరుగెత్తించకుండా గుర్రాన్ని వాటి వైపు తిప్పి నిలపండి, చాలాసార్లు అవే వెనక్కి తగ్గుతాయి. బర్రెల మందకి దారి వదిలి పక్కన ఆగండి. రాతి పలకల మీద లాడం కొట్టిన డెక్క జారుతుంది, వాన పడ్డాక మరీను, అక్కడ నడకే. సంక్రాంతి ముందు రెండు వారాలు గాలిపటాల నీడలు, తెగి వేలాడే మాంజా ఉంటాయి. నైలాన్ మాంజా మీ గొంతునీ దాని కాళ్లనీ ఒకేలా కోస్తుంది, ఆ రోజుల్లో మేం అరీనా దాటం. దీపావళికి, నిమజ్జనం ఊరేగింపుల రోజుల్లో స్వారీ మానేసి లాయం తలుపులు వేసి ఎవరో ఒకరు దగ్గర ఉంటాం.

రోడ్డు తప్పకపోతే ఎడమ అంచున, ఒకరి వెనక ఒకరు, మెరిసే జాకెట్‌తో. వేగం తగ్గించిన డ్రైవర్‌కి చేయెత్తి థ్యాంక్స్ చెప్పండి, ఆయన రేపు ఇంకో గుర్రానికి కూడా తగ్గిస్తాడు. మీరే కారులో ఉంటే హారన్ వద్దు, నడక వేగానికి తగ్గి, రెండు మీటర్లు వదిలి దాటండి. పెళ్లి బారాత్ గుర్రమైనా, బందోబస్తులో ఉన్న పోలీసు గుర్రమైనా అంతే. వెనక నుంచి తోక లాగే పిల్లల్ని ఆపాల్సింది పెద్దవాళ్లు.

ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నర లోపే ముగించాలి, 40 డిగ్రీల ఎండలో స్వారీ చేయించడం హింసే. గుర్రం కూడా మనలాగే చెమటతో చల్లబడుతుంది. ముక్కుపుటాలు ఎగరేస్తూ ఆగకుండా రొప్పుతున్నా, తడబడుతున్నా, విపరీతమైన ఎండలో చెమట ఆగిపోయినా వెంటనే దిగి, జీను తీసి, నీడలో ఒళ్లంతా నీళ్లు పోయాలి, డాక్టర్‌ని పిలవాలి.

దిగాక ఇంకో అరగంట ఉంది

చాలామంది దిగగానే పగ్గాలు సైస్ చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లిపోతారు. గుర్రం ఎవరినైనా గుర్తుపెట్టుకునేది ఈ అరగంటలోనే అని నేను నమ్ముతాను. పట్టీ ఒక రంధ్రం వదులు చేసి, ఊపిరి మామూలయ్యేదాకా పది నిమిషాలు నడిపించండి. తర్వాత జీను దించి నీళ్లు పెట్టండి, కొంచెం తాగనిచ్చి, ఆపి, మళ్లీ తాగనివ్వండి. చెమట ఆరిన చారికలు కడిగి, మాలీషు చేయండి. పట్టీ కింద, మోకాళ్ల వెనక చేత్తో తడిమితే వాపు, వేడి, గాయం తెలుస్తాయి.

తినిపించాలనుకుంటే సైస్‌ని అడిగాకే. క్యారెట్‌ని గుండ్రటి బిళ్లలుగా కోయకండి, గొంతులో అడ్డం పడతాయి, నిలువుగా చీల్చండి. అరచేయి బల్లపరుపుగా చాచి, బొటనవేలు పక్కకి ఆనించి పెట్టండి. చిన్న బెల్లం ముక్క చాలు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది ఏదైనా పేగుల గుండా పోవాల్సిందే. అందుకే బ్రెడ్, చాక్లెట్, ఉల్లిపాయ, కోసిన లాన్ గడ్డి కుప్ప, పార్టీలో మిగిలిన పులిహోర పెట్టకూడదు. తిండి మానేసి పొట్ట వైపు తిరిగి చూసుకుంటున్నా, కాలితో నేల గీరుతున్నా, మాటిమాటికీ దొర్లుతున్నా అది కడుపునొప్పి కావచ్చు, అదే రోజు కాదు, అదే గంటలో డాక్టర్ రావాలి. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, చర్మం మీద పుండ్లు ఉన్న గుర్రాన్ని ముట్టుకోకండి. గ్లాండర్స్ లాంటి జబ్బు మనుషులకీ అంటుకుంటుంది.

సైస్‌ని పేరు పెట్టో, వరస పెట్టో పిలవండి. ఉలవలు ఎప్పుడు నానబెట్టాడో, రాత్రి ఏ గుర్రం నిద్రపోలేదో ఆయనకే తెలుసు. ‘ఇవ్వాళ దాని మూడ్ బాలేదు, వద్దు’ అని ఆయన అంటే డబ్బు కట్టేశానని వాదించకండి.

చివరగా డెక్కలు. ఒక్కో కాలూ ఎత్తించి, గీకే కొక్కేన్ని మడమ నుంచి వేలి వైపుకి నడుపుతూ మట్టి, రాళ్లు తీయండి. మధ్యలో ఉండే మూడు మూలల మెత్తటి భాగాన్ని పొడవకండి. లాడం కదులుతోందేమో, మేకు పైకి లేచిందేమో చూసి, ఉంటే అప్పుడే సైస్‌కి చూపించండి. రేపు పొద్దున ఆ గుర్రం ఎక్కేది మీరు కాకపోవచ్చు.